ఆ గడిలో ఏం రాయాలి?

జపాన్ వీసాకి పెట్టుకునే కాగితాల్లో ఒకటి కాస్త చిత్రంగా ఉంటుంది. అందులో నిలువునా నాలుగు గడులు. మొదటిదాంట్లో తేదీ, రెండోదాంట్లో ఆ రోజు చెయ్యబోయే కార్యక్రమం, మూడోదాంట్లో ఫోన్ నంబరు, నాలుగోదాంట్లో బస. దిగిన రోజు నుంచి తిరుగు విమానం ఎక్కే రోజు దాకా వివరం అంతా నింపి ఇవ్వాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయప్పన్ను రిటర్నులు, మన మొహం మనమే గుర్తుపట్టలేని ఫొటోలు అన్నీ బుద్ధిగా సంచిలో చేరిపోయాయి. ఈ ఒక్క కాగితం మాత్రం మా డైనింగ్ టేబుల్ మీద, ఊరగాయ సీసా కింద ఉండిపోయింది. కాఫీ తాగుతూ ఒకసారి, పేపరు మడతపెట్టి ఒకసారి దాన్ని బయటికి లాగుతాను. తేదీ రాస్తాను. రెండో గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. రాబోయే నవంబరులో ఒకానొక గురువారం నేనేం చేస్తానో ఇప్పుడే ఎలా చెప్పను? ‘ఊరికే తిరుగుతాం’ అని రాస్తే ఒప్పుకుంటారా? ‘వాన పడితే కిటికీ దగ్గర కూర్చుంటాం’ అని రాస్తే? మా ఆవిడ టేబుల్ తుడవడానికి వచ్చి, “ఇంకా అదేనాండీ? చూడబోయే ఊళ్ల పేర్లు రాసి పడేస్తే సరి” అంటుంది. నిజమే, అంతే కావచ్చు. అయినా పేరు రాసినంత మాత్రాన ఆ రోజు ఏం జరగాలో రాసినట్టేనా అన్నది నన్ను పీకుతూనే ఉంది.

ముహూర్తాన్ని నిమిషాలతో సహా శుభలేఖ మీద అచ్చువేసి, పెళ్లికూతుర్ని తీరిగ్గా పీటల మీదికి తెచ్చే జాతి మనది. పథకానికీ జరిగేదానికీ మధ్య కొంత జాగా ఉంటుందని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. మా అమ్మాయికి మాత్రం ఈ జాగా నచ్చదు. ల్యాప్‌టాప్‌లో పెద్ద పట్టిక తయారుచేసింది. రైళ్లకి నీలం, తిండికి పసుపు, గుళ్లకీ తోటలకీ ఆకుపచ్చ. “నాన్నా, నువ్వు ఖాళీ వదిలేస్తే ఆ ఖాళీలోనే మనం తప్పిపోతాం” అని బెదిరిస్తుంది. తప్పిపోతే ఏమవుతుందమ్మా అని అడగాలని ఉంటుంది గానీ, బుక్ చేసేది, డబ్బు కట్టేది తనే కాబట్టి ఊరుకుంటాను.

మా పట్టిక మధ్యలో ఉన్న ఊరు కనజావా. అందరూ వెళ్లే టోక్యో, క్యోటో, ఒసాకాల వరసలో లేని ఊరు, జపాన్ సముద్రం వైపు ఒడ్డున. దాన్ని ఎంచుకోవడానికి నా దగ్గర గట్టి కారణమేమీ లేదు. చదువుకునే రోజుల్లో విశాఖలో ఒక గ్రంథాలయంలో జెన్ గురించి డి.టి. సుజుకీ రాసిన పుస్తకం ఒకటి తీసుకుని, సగం అర్థమై, సగం అర్థమైనట్టు నటించి తిరిగి ఇచ్చేశాను. ఆయన 1870లో ఈ కనజావాలో పుట్టాడని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఊరిమీద ఇష్టం పెంచుకోవడానికి ఇంతకన్నా పెద్ద కారణాలు ఎవరికి మాత్రం ఉంటాయి? 1583లో మయెదా తొషీయే ఇక్కడి కోటలో అడుగుపెట్టాడు. ఆ వంశం దాదాపు మూడు వందల ఏళ్లు ఏలింది. వాళ్ల సంస్థానం ఆదాయాన్ని పది లక్షల కొకుల ధాన్యంగా లెక్కగట్టేవారు. దేశాన్ని ఏలే షోగున్‌కి ఇంత సంపన్నుడి మీద అనుమానం రాకుండా ఉంటుందా? అందుకే వీళ్లు డబ్బుని కత్తులకంటే లక్క పనికీ, పట్టు రంగులకీ, తేనీటి గిన్నెలకీ ఎక్కువగా ఖర్చు పెట్టారంటారు. జపాన్‌లో తయారయ్యే బంగారు రేకులో దాదాపు అంతా ఇప్పటికీ ఈ ఊరిదే. రేకు మందం మిల్లీమీటరులో పదివేలో వంతు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఊరి మీద బాంబులు పడలేదు, అందుకే పాత వీధులు మిగిలాయి. చలికాలం పొడుగునా వాన, మంచు, ఉరుములు. మధ్యాహ్నానికి అన్నం డబ్బా మర్చిపోయినా పర్లేదు, గొడుగు మాత్రం మర్చిపోకు అని అక్కడివాళ్లకో సామెత ఉంది. మా అమ్మాయి పట్టికలో వానకి రంగు లేదు.

వెళ్లే దారి లెక్క వేస్తుంటే ఇంకో సంగతి బయటపడింది. క్యోటో నుంచి కనజావాకి థండర్‌బర్డ్ అనే ఎక్స్‌ప్రెస్ నేరుగా వెళ్లేది. 2024 మార్చి 16న బుల్లెట్ రైలు మార్గాన్ని కనజావా నుంచి త్సురుగా దాకా పొడిగించారు. ఆ రోజు నుంచి థండర్‌బర్డ్ త్సురుగాలోనే ఆగిపోతోంది. అక్కడ పెట్టెలు దింపుకుని, మెట్లో లిఫ్టో ఎక్కి, బుల్లెట్ రైలు పట్టుకోవాలి. అభివృద్ధి జరిగిన చోట ప్రయాణికుడికి ఒక మజిలీ పెరగడం మనకి మాత్రం కొత్తా? విదేశీయులకిచ్చే వారం రోజుల రైలు పాసు ధర కూడా 2023 అక్టోబరులో 29,650 యెన్‌ల నుంచి ఒక్కసారిగా 50,000కి ఎగబాకింది. పాత బ్లాగులు చదివి లెక్కలు వేసుకున్నవాళ్లు లబోదిబోమన్నారు. మేం పాసు తీసుకోవడం లేదు.

ఇహ తిండి సంగతి. మేం జపాన్ వెళ్తున్నామని తెలిసిన ప్రతివాళ్లూ అడిగిన మొదటి ప్రశ్న “అక్కడ ఏం తింటారండీ?” మా ఆవిడ శాకాహారి. జపాన్ వంటకి మూలం దాషి అనే చారు, దానికి చాలాసార్లు మూలం ఎండుచేప. కూరగాయల పులుసని ఇచ్చినా, టోఫు మీద పోసినా చాలావరకు అదే. పై ఫ్లాటాయన కందిపొడి ఎంత పట్టుకెళ్లాలో లెక్క చెప్పాడు. ఇంకొకావిడ మడతపెట్టే కరెంటు కుక్కరు అరువిస్తానంది. ఇదంతా వింటుంటే నాకు ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొస్తాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసిన ఆ పెద్దమనిషి 1830 మే 18న సుమారు వందమంది పరివారంతో, బోయీలతో, పల్లకీలతో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ‘కాశీయాత్ర చరిత్ర’ తిరగేస్తే ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయి, ఏ మజిలీలో సామాన్లు దొరుకుతాయి, ఏ దారి రాళ్లు, ఏ దారి బురద అన్నీ ఉంటాయి, వెనక వచ్చేవాళ్లకి పనికొస్తాయని. మన పట్టికలకి తాత అదే. తేడా ఏమిటంటే, ఆయన చూసిన తర్వాత రాశాడు. మన చేత చూడకముందే రాయిస్తున్నారు. ఆయన్ని కూడా గుమ్మం దగ్గర ఆపి, పదిహేను నెలలకి గడులు నింపి వెళ్లమంటే ఏం రాసి ఉండేవాడో!

ఒక్కో చోటుకి ఎంతసేపు కేటాయించాలన్నది మా ఇంట్లో రోజూ జరిగే తగువు. సుజుకీ పేరున 2011లో తెరిచిన మ్యూజియానికి పట్టికలో అరగంట ఇచ్చారు. కట్టడం యోషియో తనిగుచీది. లోపల చూడాల్సిన వస్తువులు బహు తక్కువ. వెనకవైపు పలచటి నీటి మడుగు, పక్కన తెల్లగోడ, కూర్చోవడానికి ఒక ఖాళీ గది. ఉండుండి నీళ్లలో ఓ అల పుట్టి, వలయంగా సాగి, గోడదాకా వెళ్లి చచ్చిపోతుంది. అంతే. అక్కడ అరగంటలో ఏం చెయ్యాలి? ఒక అల అయ్యాక లేచిపోవాలా, పది అలలు చూడాలా? “చూడ్డానికేమీ లేనిచోట అరగంట ఎక్కువే నాన్నా” అంటుంది అమ్మాయి. చూడ్డానికేమీ లేకపోతేనే ఎక్కువసేపు కావాలేమో అని నాకు అనిపిస్తుంది. ఈ వాదన ఇంకా తెగలేదు.

తోట విషయంలో మాత్రం ముగ్గురికీ రాజీ కుదిరింది. కెన్రొకుఎన్ జపాన్‌లో పేరుమోసిన మూడు తోటల్లో ఒకటి, పదకొండు హెక్టార్లకి పైనే. మయెదా ప్రభువుల సొంత తోటని 1874లో జనానికి తెరిచారు. చెరువు ఒడ్డున రెండు కాళ్ల రాతిదీపం ఉంటుంది, ఒక కాలు నీళ్లలో, ఒక కాలు గట్టు మీద. ప్రతి ఫొటోలోనూ అదే. ఆ చెరువు నీళ్లు వచ్చే కాలవ 1632 నాటిది. అంతకుముందు ఏడాది ఊళ్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగితే, సాయ్ నది ఎగువ నుంచి కొండల్ని తొలిచి కోటదాకా నీళ్లు తెచ్చారు. నాకు వీటన్నిటికంటే చూడాలని ఉన్నది ఇంకొకటి. అక్కడ పడే మంచు తడిమంచు, బరువెక్కువ. పైన్ చెట్ల కొమ్మల మీద పేరుకుంటే కొమ్మ ఫెళ్లున విరుగుతుంది. అందుకని నవంబరు ఒకటో తారీఖు నుంచి తోటమాలులు తాళ్లు కట్టడం మొదలుపెడతారు. చెట్టు పక్కన ఎత్తైన స్తంభం పాతి, దాని కొస నుంచి గడ్డితాళ్లని గొడుగు ఊచల్లా చుట్టూ దింపి, ఒక్కో తాడుకి ఒక్కో కొమ్మని వేలాడదీస్తారు. మొదట కట్టేది కరసకీ పైన్ అనే పాతచెట్టుకి. పదమూడో ప్రభువు బివా సరస్సు ఒడ్డు నుంచి తెప్పించిన విత్తనం అది. ఆ ఒక్క చెట్టుకే అయిదు స్తంభాలు, సుమారు ఎనిమిది వందల తాళ్లు. పైన ఎక్కినవాడు తాడు కొసని కిందికి విసురుతాడు, కిందవాడు అందుకుని ముడి వేస్తాడు. మేం వెళ్లేసరికి మంచు ఉండదు. తాళ్లు మాత్రం ఉంటాయి. మంచు ఎంత పడుతుందో, అసలు ఆ ఏడు పడుతుందో లేదో తెలియకుండానే కట్టే ముళ్లవి. మంచు పడకపోతే ఆ శ్రమంతా వృథా అని అక్కడెవరూ అనుకోరట.

కొండల మధ్య షిరకవాగో అనే పల్లె గురించి ఎక్కువ చెప్పను, దాన్ని చూడనివాళ్లు కూడా క్యాలెండర్లలో చూసే ఉంటారు. అరవై డిగ్రీల ఏటవాలు గడ్డికప్పుల ఇళ్లు, 1995లో యునెస్కో గుర్తింపు, కనజావా నుంచి బస్సులో గంటంపావు, ఇసకేస్తే రాలని జనం. దాని పక్కనే, అదే గుర్తింపులో భాగమైన గొకయామా మీద నా మనసు పడింది. అటకల మీద పట్టుపురుగులు పెంచుకునే ఆ పల్లెవాళ్లు, ఇంట్లో పొయ్యి పక్కన గొయ్యి తవ్వి, మట్టీ, మాచిపత్రి జాతి మొక్కలూ, పట్టుపురుగుల పెంటా పొరలు పొరలుగా వేసి నాలుగైదేళ్లు మగ్గబెట్టి సురేకారం తీసేవారు. అది కనజావా ప్రభువుల తుపాకిమందుకి. తేనీటి గిన్నెల ప్రభువులు అన్నానే, వాళ్లకే! అయిదేళ్ల తర్వాత చేతికొచ్చే పంటని నేల కింద పెట్టుకుని, దాని పైనే అన్నం వండుకుని తిన్నవాళ్ల ఇల్లు ఒక్కసారి చూడాలి.

ఇలా గడులన్నీ నిండుతుంటే, ఫోన్‌లో మ్యాప్ మీద నక్షత్రాలు పెరుగుతుంటే, ఒకచోట మాత్రం నా కన్ను ఆగుతూ వచ్చింది. కనజావాకి ఉత్తరంగా, సముద్రంలోకి చాచిన మోచేయి వంటి నేల. నోటో ద్వీపకల్పం. మా పట్టికలో అక్కడ ఒక్క నక్షత్రం లేదు. దాని ఆకారం చూసి ఆశపడిన మొదటివాణ్ని నేను కాదు. పెర్సివల్ లోవెల్ అనే అమెరికన్ టోక్యోలో ఒక సాయంత్రం జపాన్ పటం చూస్తూ, ఆ వంపుకీ ఆ పేరుకీ మనసు పారేసుకుని, 1889లో అక్కడికి ప్రయాణం కట్టాడు. 1891లో పుస్తకం రాశాడు. ద్వీపకల్పం నడుమ ఉన్న అనమిజు అనే ఊరిదాకా వెళ్లి, అక్కడి సముద్రంలో జాలర్ల మంచె చూసి ఆశ్చర్యపోయాడు. నీళ్లలో దుంగలు పాతి, పైన చిన్న గూడు కట్టి, దానిమీద ఒక మనిషి గంటల తరబడి కదలకుండా కూర్చుంటాడు. కింద చేపల గుంపు వలలోకి వచ్చిందాకా చూసి, అప్పుడు తాడు లాగుతాడు. ఈ లోవెలే తర్వాత ఆరిజోనాలో వేధశాల కట్టి, దుర్భిణిలోంచి అంగారకుడి మీద కాలవలు కనిపిస్తున్నాయని పటాలు గీశాడు. ఆ కాలవలు లేవని తేలిపోయింది. అవే కళ్లు, ఒకచోట నిజమైన నేలని పసిగట్టాయి, ఇంకోచోట లేని గీతల్ని కల్పించాయి. పటం చూస్తూ ఆశపడే ప్రతివాడిలోనూ ఇద్దరు లోవెల్‌లు ఉంటారు కాబోలు.

నా చేతిలో పటం కూడా కొంత అబద్ధమే. 2024 జనవరి 1న, కొత్త సంవత్సరం పండగ సాయంత్రం, నోటోలో 7.6 తీవ్రతతో భూమి కంపించింది. వందలమంది పోయారు. వజిమా ఊళ్లో వెయ్యేళ్లకి పైగా సాగుతోందని చెప్పుకునే పొద్దుటి సంత వీధి మంటల్లో కాలిపోయింది. రెండు వందలకు పైగా కట్టడాలు, వాటిలో లక్క పనివాళ్ల ఇళ్లూ కార్ఖానాలూ. ఉత్తర తీరంలో నేల కొన్నిచోట్ల నాలుగు మీటర్లు పైకి లేచింది. సముద్రం వెనక్కి పోయింది. ఒకటి రెండుచోట్ల ఒడ్డు రెండు వందల మీటర్లకు పైగా జరిగిందన్నారు. పడవలు కట్టుకునే రేవులు పొడినేలయ్యాయి. నత్తలూ, సముద్రపు నాచూ ఉన్నవి ఉన్నట్టే బయటపడి ఎండకి తెల్లబడ్డాయి. సముద్రానికి ఆనుకుని మెట్లుమెట్లుగా దిగే 1,004 చిన్న వరిమళ్లు పగుళ్లిచ్చాయి, ఆ వసంతంలో సుమారు 120 మళ్లలోనే నాట్లు పడ్డాయి. కాస్త నిలదొక్కుకుంటున్నారనగా సెప్టెంబరులో కుండపోత వాన, మళ్లీ వరద, తాత్కాలికంగా కట్టిన ఇళ్లలోకి సైతం నీళ్లు. అక్కడి నక్షత్రాల్ని మా అమ్మాయి తీసేసిందంటే తప్పెవరిది? “అక్కడ అంతా పోయింది నాన్నా, ఇప్పుడు మనం వెళ్లి వాళ్లకి అడ్డం” అంది. మర్యాద తెలిసిన మాటే.

ఆ మాట నేను ఇంతకుముందు అవతలి వైపు నించుని విన్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా విశాఖ మీద పడింది. తెల్లారి చూస్తే వీధి వీధినా చెట్లు వేళ్లతో సహా పడి ఉన్నాయి, కైలాసగిరి బోడికొండయింది, రోజుల తరబడి కరెంటు లేదు, పాల ప్యాకెట్టు కోసం వరసలు. ఆ చలికాలం అరకు చూడటానికి వస్తామన్న హైదరాబాదు చుట్టాలు ఫోన్ చేసి, “పాపం, అంతా పోయిందిగా, ఇప్పుడొచ్చి ఏం చూస్తాం” అన్నారు. వాళ్ల జాలికి నేను కృతజ్ఞుణ్నే, కానీ ఎక్కడో కలుక్కుమంది. మేం ఉన్నాం కదా, అంతా ఎలా పోయింది? బీచ్‌లో ముంత మసాలా బండి పెట్టుకునే మనిషి నాలుగు వారాలకే బండికి కొత్త రేకు కొట్టించుకుని వచ్చాడు. కొనేవాళ్లు లేరు. “తుపానుకి బండే పోయిందండి బాబూ. జనాలు రాపోతే యాపారమే పోద్ది” అన్నాడు. అదే బీచ్‌కి కార్లలో వచ్చి, దిగకుండానే అద్దంలోంచి విరిగిన చెట్ల ఫొటోలు తీసుకుపోయినవాళ్లనీ చూశాను. రాకపోవడం బాధపెట్టింది, అలా రావడం ఇంకా బాధపెట్టింది. మరి ఎలా రావాలి? పరామర్శకి వెళ్లడానికి మనకో పద్ధతుంది. ఎక్కువసేపు కూర్చోకూడదు, భోజనానికి ఆగకూడదు, ఊరికే ఉన్నా ఫరవాలేదు గానీ మొహం చూపించాలి. విహారయాత్రలో పరామర్శ ఇముడుతుందా? దాన్ని పసుపు రంగులో రాయాలా, ఆకుపచ్చలోనా?

జపాన్ హైకూ కవి బషో కూడా ఇలాంటిచోటే వచ్చి నిలబడ్డాడు. 1689లో ఆయన ప్రయాణానికి సిద్ధపడిన తీరు ప్రసిద్ధం. చిరిగిన పంట్లాం కుట్టుకున్నాడు, టోపీకి కొత్త తాడు వేశాడు, కాళ్లకి బలం రావాలని మోకాళ్ల దగ్గర మందాకు కాల్చుకున్నాడు, ఉన్న గుడిసె ఇంకొకరికి వదిలేశాడు. నెలల తరబడి నడిచి కనజావా చేరితే, కలవాలనుకున్న ఇస్షో అనే కుర్రకవి ముందటి చలికాలమే పోయాడని తెలిసింది. అన్నగారు జరిపిన సంస్మరణకి వెళ్లాడు బషో. కలయిక కాస్తా పరామర్శ అయింది. అదే ప్రయాణంలో, కనజావాకి కొద్దిరోజుల ముందు, నోటో ద్వీపకల్పం మొదట్లో ఉన్న తాకో తీరం చూడాలని దారి అడిగాడట. అటు అంతా సముద్రపు ఒడ్డే, జాలర్ల గుడిసెలు తప్ప ఏమీ లేవు, రాత్రికి చోటిచ్చేవాళ్లు కూడా దొరకరు అని చెప్పేసరికి, మానుకుని ముందుకి సాగిపోయాడు. అంతటి బాటసారిని కూడా ఒక్క మాట వెనక్కి తిప్పింది. అక్కడేమీ లేదు అన్నవాడెవడో ఆ జాలర్ల గుడిసెల్లో ఒక్క రాత్రయినా పడుకున్నవాడేనా? బషోని తప్పుపట్టేంతవాణ్ని కాను. అయినా ఆ పూట ఆయన అటు వెళ్లి ఉంటే బాగుండేదని నాకు అనిపించకమానదు.

చివరికి మా ఇంట్లో రాజీ ఇలా కుదిరింది. షిరకవాగో పోయింది, గొకయామా మిగిలింది, ఆ మిగిలిన పూర్తిరోజు నోటోకి. తనిఖీ అధికారిలా అన్నీ సరిచూసే మా అమ్మాయే ఆ రోజు వివరాలన్నీ కూడబెట్టింది. వజిమా సంత చావలేదు. భూకంపం వచ్చిన ఏడు మార్చిలోనే అమ్మకందారులు గంపలెత్తుకుని కనజావా రేవు పక్కకి వచ్చి సంత పెట్టారు, తర్వాత సొంత ఊళ్లోనే ఒక దుకాణాల భవనంలో నడిపారు. మేం ఫొటోల కోసం కాలిన వీధికి వెళ్లం, కొనడానికి వెళ్తాం. లక్క గిన్నె ఖరీదెక్కువే. చెక్కని ఎండబెట్టి, కాల్చిన మట్టిపొడి కలిపిన లక్క పూసి, అరగదీసి, మళ్లీ పూసి, వందకి పైగా దశలు దాటితే గానీ అది చేతికి రాదు. పగిలితే బాగు చేసి కూడా ఇస్తారు.

మీరెవరైనా కనజావా వెళ్తుంటే, ఒక్కరోజు ఉత్తరానికి కూడా ఉంచుకోండి. కనజావా నుంచి ననావో దాకా రైలుంది. అక్కడ మారితే నోటో రైల్వే వాళ్ల బండి, భూకంపం తర్వాత 2024 ఏప్రిల్ 6 నుంచి మళ్లీ అనమిజు దాకా పూర్తిగా నడుస్తోంది. అక్కణ్నుంచి వజిమాకి బస్సు ఎక్కాలి, ఆ ముక్కలో రైలు 2001లోనే ఆగిపోయింది. బయల్దేరేముందు బస్సు వేళలు మాత్రం తప్పకుండా కనుక్కోండి, మారుతూ ఉంటాయి.